డిస్కు వేగం అందుకునేదాకా

1987 జూన్ ఒకటో తేదీ ఉదయం మా సారు ఉద్యోగంలో చేరడానికి వచ్చేసరికి, అప్పటి పెద్ద ఇంజనీరుగారు చొక్కా చేతులు మడిచి, మినీకంప్యూటరులోకి దుమ్ము పోకుండా ఆపే గాలి జల్లెడను బకెట్టు నీళ్ళలో జాడిస్తున్నారట. నియామక పత్రమైనా చూడకుండా "వచ్చావా? ఆ రెండో చివర పట్టుకో" అన్నారట. పట్టుకున్న ఆ చివరను సారు నేటివరకూ విడిచిపెట్టలేదు.

బీరువా అంత ఉండే ఆ యంత్రం, మా కార్యాలయం కొలిచిన నదీమట్టాలను దశాబ్దాలుగా తన డిస్కుల్లో దాచుకున్నది. సారు మొదట నిర్వహణ సహాయకులుగా, తరువాత ఇంజనీరుగా, చివరికి విభాగాధిపతిగా ఎదిగినా, ఉదయం రాగానే దాని పక్కరేకు మీద అరచెయ్యి ఆనించి, డిస్కు తిరిగే అదురు తెలిశాకే కుర్చీలో కూర్చునేవారు. పల్లెటూరి బడిలో చదివి, నోరు విప్పడానికే జంకే నాకు "అడగడానికి సిగ్గుపడితే యంత్రం కూడా జవాబు చెప్పదమ్మా" అని నేర్పినది వారే.

నిరుడు పాత ప్రాసెసరు కాలిపోయింది. దానికన్నా ఎన్నో రెట్లు వేగమైన ప్రాసెసరు బోర్డును ఎక్కడినుంచో సంపాదించి సారు అమర్చారు. దీపాలు వెలిగాయి. ఆపైన "డిస్కు సిద్ధంగా లేదు" అని తెరమీద రాసి, డిస్కును కూడా ఆపివేసి, యంత్రం నిలిచిపోయింది. తీగలు మార్చారు, విద్యుత్తు కొలిచారు, డిస్కు విప్పి శుభ్రపరిచారు. మళ్ళీ అదే మాట.

సారు పదవీ విరమణ చేసేలోపు యంత్రం లేవకపోతే దాన్ని తుక్కుకు పంపాలని పైవారి ఉత్తర్వు. ఆ డిస్కులను చదవగల యంత్రం మరొకటి లేదు. నది గతమంతా తుక్కుతోనే పోతుంది. "ఏం సారూ, మీ ముసలాయన ఇంకా మంచం దిగలేదా?" అని స్టోర్సు గుమాస్తా ఆటపట్టిస్తే సారు నవ్వేవారు. చలనం లేని ఆ రేకు మీద వారు చెయ్యి ఆనించినప్పుడు మాత్రం మేము తల తిప్పుకునేవాళ్ళం.

చివరికి తేలిందేమంటే, పొరపాటు సారుదే. ఇది వారి అనుమతితోనే రాస్తున్నాను. యంత్రాన్ని మేల్కొలిపే ప్రోగ్రామును చేరిన కొత్తలో వారే రాశారు. డిస్కు వేగం అందుకునేదాకా ప్రాసెసరు ఊరికే అంకెలు లెక్కపెడుతూ ఆగాలి. ఆ లెక్క పాత ప్రాసెసరు నడకకు సరిపోయేట్టు పెట్టారు. కొత్తది రెప్పపాటులో లెక్క ముగించి, అప్పుడప్పుడే కదలనారంభించిన డిస్కును పిలిచి, పలకలేదని ఊరుకునేది. లెక్క పెంచగానే యంత్రం లేచింది. కొలతలన్నీ కొత్త సర్వరులోకి భద్రంగా చేరాయి. చివరి ఫైలు చేరిన సాయంత్రం స్విచ్చి ఆపినవారూ సారే. ఆ గదిలో ఇప్పుడు ఏ అదురూ లేదు. అయినా వెళ్ళినప్పుడల్లా నా చెయ్యి ఆ రేకు వైపే పోతుంది.

సారు నిండు ఆరోగ్యంతో, తొందరలేని దీర్ఘాయుష్షుతో, ఇంటిల్లిపాదితో చల్లగా ఉండాలని మా అందరి తరఫునా కోరుకుంటూ, ఆ పొరపాటు దొరికిన ఆదివారం వారింట్లో నేను చూసినది చెప్పి సెలవు తీసుకుంటాను.

సారు వీడ్కోలుకు వేస్తున్న ఈ సంచికకు వారి ఫోటో అడగడానికి వెళ్ళాను. సారు కాఫీ గ్లాసు చేతబట్టి గోడకేసి చూస్తున్నారు. "చూశావా అమ్మాయ్, మా మిక్సీ నెలల తరబడి మూలుగుతోంది. దాని గోడు వినే తీరిక మీ సారుకి లేదు" అన్నారు వారి శ్రీమతి. అంతలో కాలింగ్ బెల్ మోగింది. "ఉండండి, నేను తీస్తా. వస్తున్నా బాబూ!" అంటూ సారు తల్లిగారు గోడ పట్టుకుని లేచి, ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళి గడియ తీసేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. కొరియర్ బండి వీధి మలుపు తిరుగుతోంది.

"ఇంట్లో ఎవరూ లేరనుకుని పోయాడు చూడరా! నేను లేచి నిలబడడానికైనా టైమివ్వాలా, వద్దా?" అన్నారామె.

సారు గ్లాసు బల్లమీద పెట్టారు. తల్లి ముఖంలోకి కాసేపు చూశారు. "ఏమండీ, ఎక్కడికి? ఇంకా టిఫినైనా తినలేదు..." అని శ్రీమతి అడుగుతూండగానే చెప్పులు వేసుకుని, తెరిచి ఉన్న ఆ తలుపులోంచి, కార్యాలయం వైపు వెళ్ళిపోయారు.