విదియ చంద్రుడికి హారతి

దీపావళి వెళ్లిన విదియ, అక్కచెల్లెళ్లు అన్నదమ్ములకు హారతిచ్చే భావుబీజ్ పండుగ. పొద్దు గూకుతోంది. మహారాష్ట్రలోని వాయి ఊళ్లో కృష్ణానది ఒడ్డున ఇల్లు. పెరట్లో హారతి పళ్లెంతో డెబ్బై రెండేళ్ల ద్వారకక్క. ముప్పై రెండేళ్ల తర్వాత ఆ గడప తొక్కిన తమ్ముడు బాపూ. ఇంట్లోవాళ్లకు బాపూయే గానీ, లోకానికి మాత్రం ఆయన పెద్ద మరాఠీ నవలాకారుడు రఘువీర్ భోసేకర్.

"అక్కా, ఆ పళ్లెం కాస్త కింద పెట్టు."

"పెట్టను. విదియ చంద్రుడు ఎంతసేపుంటాడు? అదిగో, అప్పుడే గోడ దాకా దిగాడు. నువ్వు పక్కకు జరుగు."

"నేనొచ్చాను కదా."

"చూశాను."

"తమ్ముడు గడపలో నిలబడి ఉంటే చంద్రుడికి హారతిస్తారా ఎవరైనా?"

"తోడబుట్టినవాడు లేనిదానికి చంద్రుడే తమ్ముడు. అమ్మ చెప్పిన మాటే. ముప్పై రెండేళ్లుగా ఆయనకే ఇస్తున్నా. ఒక్క ఏడూ ఎగ్గొట్టలేదు పాపం."

"మబ్బు పట్టిన ఏళ్లల్లో?"

"మబ్బుకే ఇచ్చా. జరుగు బాపూ, దీపం కొండెక్కేట్టుంది."

"నువ్వు పిలవలేదు. ఒక్క ఏడు కూడా కబురు పెట్టలేదు."

"నువ్వు పుస్తకం పంపావుగా. ఇంక కబుర్లెందుకు?"

"దాని గురించే వచ్చానక్కా."

"ఇంకోటి రాశావా? పదకొండు అయ్యాయన్నారు. నేతవాళ్ల మీద రాసింది చదివాను. కరువు మీద రాసిందీ చదివాను. ఏడిపించావు."

"నువ్వు చదువుతావనుకోలేదు."

"చదవకేం? నువ్వు పంపిన ఆ 'ఖాళీ చెంబు' అయితే నేను చదివేలోపే ఊరంతా చదివి నాకు చెప్పింది. మా మనవరాలికి కాలేజీలో పాఠం కూడాను. పరీక్షలో ఏమడిగారో తెలుసా? 'గోదావరి పాత్ర కాఠిన్యాన్ని సోదాహరణంగా వివరింపుము.' పది మార్కులు."

"అక్కా..."

"నా దగ్గరికే వచ్చింది పిచ్చిపిల్ల, నానమ్మా ఉదాహరణలు చెప్పవా అని. ద్వారక పోయి గోదావరి అయితే మాత్రం? చెవి కింద పుట్టుమచ్చ అలాగే ఉంచావు. పైగా ఆ పేరొకటి, ఖాళీ చెంబు. అమ్మ పోయిన రాత్రి చెంబు నిండుగానే ఉంది. నేనే నింపి పెట్టాను."

"తెలుసు. అందుకే ఇది తెచ్చాను. నీ పళ్లెంలో పెడదామని."

"అందరి తమ్ముళ్లూ చీర తెస్తారు. మనవాడు కాగితాలు తెచ్చాడు."

"చీర కూడా తెచ్చాను, సంచిలో ఉంది. ముందు ఇది విను. నా ఆత్మకథలో ఆఖరి అధ్యాయం. 'ఖాళీ చెంబు'లో మా అక్క గురించి రాసింది పచ్చి అబద్ధం, తప్పంతా నాది, అని రాశాను. వచ్చే నెల అచ్చుకెళ్తుంది."

"నీదేం తప్పు?"

"అమ్మ పోయిన రాత్రి... రెండో జాము నుంచి నా వంతు కదా, మేలుకుని ఉండడం."

"నీ వంతే."

"నేను లేను."

"లేకపోవడమేంటి?"

"జాతరకి నాటకాలవాళ్లు వచ్చారు కదా, ఏటికి అవతల డేరా వేశారు. నువ్వు నిద్రపోయావనుకుని, బొంత కింద దిండు పెట్టి వెళ్లిపోయాను. తెల్లవారి వచ్చేసరికి ఇంటి ముందు జనం."

"దిండా?"

"పదేళ్లవాణ్ణి. భయపడి ఎవరికీ చెప్పలేదు. తర్వాత చెప్పడానికి సిగ్గేసింది. నవల రాస్తుంటే సరిగ్గా ఆ గది దగ్గరికొచ్చి కలం ఆగిపోయింది. ఎవరో ఒకరు తప్పు చెయ్యాలి. నన్ను పెట్టుకోవడానికి చెయ్యి రాలేదు, నిన్ను పెట్టాను. మూడు నెలలు అమ్మకు సేవ చేసి ఒళ్లు హూనం చేసుకున్నదానివి. అమ్మ నీళ్లడుగుతుంటే కూతురు కళ్లు తెరుచుకునే పడుకుందని రాసేశాను. దానికే బహుమతి ఇచ్చారు. శాలువా కప్పిన ప్రతిసారీ చచ్చినంత పనయ్యేది."

"బొంత కింద దిండు పెట్టావా?"

"అదే చెబుతున్నాను."

"ఆ గదిలో నువ్వు లేవు."

"లేను."

"మధ్యలో ఒకసారి కూడా రాలేదు? కిటికీ దగ్గరికైనా?"

"లేదక్కా. ఎన్నిసార్లడుగుతావు? తిట్టాలనుంటే తిట్టు. హారతి ఇవ్వకపోయినా పర్లేదు. ఇదొక్కటి అచ్చు కానీ. నేను పోయేలోగా ఊళ్లో నీ పేరు కడగనీ."

"అచ్చు వెయ్యకు."

"అది కాదు..."

"వెయ్యకు అంటున్నానా? చింపెయ్."

"అంత కోపమా ఇంకా?"

"బాపూ, మూడుసార్లు అని ఎలా రాశావు?"

"ఏంటి మూడుసార్లు?"

"అమ్మ మూడుసార్లు అడిగిందని. రెండుసార్లు ఊరికే నీళ్లు అని, మూడోసారి కూతుర్ని పేరుపెట్టి పిలిచిందని. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు."

"ఊహించి రాశాను. కథల్లో ఏదైనా మూడుసార్లే కదా. ఎందుకలా అడుగుతున్నావు?"

"ఊహించావు."

"ఊహే. అక్కా, చూసుకో. నూనె ఒలుకుతోంది, ఇలా ఇవ్వు పళ్లెం. చంద్రుడు కూడా దిగిపోయాడు."

"దిగిపోయాడా? సరే, ఆ పీట వాల్చుకుని కూర్చో. హారతికి తల మీద టోపీ పెట్టుకో."

"అంటే... నన్ను క్షమించావా?"

"నీ వంతు కదా, వాడే లేస్తాడులే అనుకున్నా. అమ్మ అడిగిన మూడుసార్లూ నీ బొంత వంకే చూస్తూ పడుకున్నా బాపూ. నువ్వు బొంత లోపల్నించి నన్ను చూశావనుకుని, నీకు మొహం చూపించలేక పిలవలేదు ఇన్నేళ్లూ."