తాడు లోపలి అడుగులు

మసాచుసెట్స్ తీరంలో, ఇసుక దిబ్బల మధ్య, పక్షిగూడు చుట్టూ కట్టిన తాడు దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు నిలబడి ఉన్నారు. పక్షుల సర్వే బాధ్యత ఆమెది. అతను ఈ నెలలోనే చేరాడు. గూట్లో ఒక గుడ్డు చితికిపోయి ఉంది. ముందు ఆమే అడిగింది.

“స్టోట్‌నే చూశావా? ష్యూరా?”

“ష్యూర్ అక్కా. మన ముంగిసలాగే సన్నగా, పొడుగ్గా ఉంది. గుడ్డు పగలగొట్టి గడ్డిలోకి పారిపోయింది.”

“తోక ఎలా ఉంది?”

“చిన్నదే. కొస నల్లగా ఉంది.”

“ఒళ్ళు?”

“తెల్లగా, మంచులా ఉంది.”

“జూన్‌లోనా? అది చలికాలంలోనే తెల్లబడుతుంది. ఇప్పుడు బ్రౌన్‌గా ఉండాలి. నువ్వు చూసింది ఫోన్‌లో ఫోటో.”

“ఎండకి అలా కనిపించిందేమో అక్కా.”

“మరి ఇసకలో దాని అడుగులేవి?”

“గాలికి పోయుంటాయి.”

“మనిషి అడుగులు మాత్రం పోలేదే. గూడు దాకా వెళ్ళాయి చూడు.”

“ఎవరో టూరిస్ట్ అయ్యుంటాడు.”

“స్టోట్ అని రిపోర్ట్ చేస్తే రేపే ఇక్కడ ట్రాప్ పెడతారు. ఏ పాపం చేయని జంతువు చస్తుంది.”

“నేను అబద్ధం చెప్తున్నానంటావా?”

“షూ గుర్తులు తాడు దాకా వచ్చాయి. అక్కడ జత విప్పి, పక్కపక్కనే పెట్టిన గుర్తుంది. లోపలన్నీ వట్టి కాళ్ళే. ఇంటి గుమ్మం ముందు విప్పినట్టు విప్పి వెళ్ళాడు. ఈ ఊళ్ళో అలా వెళ్ళే టూరిస్ట్ ఎవడు?”

“గుడ్లున్న చోటు కదక్కా. షూస్‌తో ఎలా తొక్కుతాను?”