మూత తియ్యని కార్డు

భర్త సొంతంగా బిగించి టీవీకి తగిలించిన కొత్త కంప్యూటర్‌లో ఫోర్‌కే వీడియో నత్తనడక నడుస్తోంది. భార్య బల్ల వెనక్కి వంగి చూసి, నవ్వు బిగపట్టింది.

“మీ తమ్ముడు నకిలీ గ్రాఫిక్స్ కార్డు అంటగట్టాడు,” అన్నాడు భర్త. “ ఫోన్లో కడిగేశాను, మా గడప తొక్కొద్దన్నాను.”

“వాడొచ్చి చూస్తానన్నాడుగా?”

“వాడి మొహం. స్క్రూడ్రైవర్ పట్టిన ప్రతివాడూ ఇంజనీరేనా?”

“కార్డుకి ఈ ప్లాస్టిక్ మూతలు ఇంకా ఉన్నాయేంటండీ?”

“దుమ్ము పడకుండా. నీకేం తెలుసు?”

“మరి టీవీ వైరు దీనికి పెట్టాల్సింది, కార్డుని వదిలేసి పక్కన మదర్‌బోర్డుకి పెట్టారే?”

ఆమె మూత పీకి వైరు మార్చింది. తెరమీద అలలు ఎక్కడా ఆగకుండా కదిలాయి.

“చూశావా, నేను బిగించిన మెషీను.”

“చూశాను. ఇప్పుడు తమ్ముడికి ఫోన్ చేసి, నకిలీది కార్డు కాదని చెప్పండి.”