రుద్రమ్మ పెరట్లో మండిన తెల్ల వెలుగు

నా పేరు రుద్రమ్మ, భర్త నీలకంఠం. వయసు అరవై నాలుగు. ఎమ్మిగనూరులో కాపురం. మగ్గానికి కండెలు చుడతాను. ఎస్సై గారు అడిగినందుకు, ఎవరూ చెప్పించకుండా చెబుతున్నాను.

నిన్న సాయంత్రం ఆరు గంటలప్పుడు మా పెరట్లో మండింది బాంబు కాదు, మెగ్నీషియం రిబ్బను. ముట్టించింది నేను. ఆ వేళకు నా కొడుకు వీరేష్ ఆదోని పత్తి యార్డులో కాటా దగ్గర ఉన్నాడు. పక్కింటి లక్ష్మప్పకూ వాడికీ గోడ తగాదా ఉన్న మాట నిజమే. అంతమాత్రాన బాంబు పెట్టాడని ఫిర్యాదు ఇవ్వడం, వాణ్ణి రాత్రి నుంచి స్టేషనులో కూర్చోబెట్టడం అన్యాయం.

నా భర్త నాటకాల్లో శివుడి వేషం కట్టేవాడు. ఉరుకుంద తిరునాళ్లకు, కోసిగికి, హొళగుందకు పోయేవాళ్లం. శివుడు ప్రత్యక్షమయ్యే వేళకు పరదా చాటున పళ్లెంలో రిబ్బను ముట్టించే పని నాది. నేరుగా చూడలేనంత తెల్లటి వెలుగు వచ్చేది. జనం లేచి దండం పెట్టేవాళ్లు. నేను మాత్రం పళ్లెం వైపు చూడకుండా ఆయన వీపు వైపు చూసేదాన్ని. ఎంత బాగుండేదో ఆ వీపు. ఇది రాయక్కర్లేదు.

పళ్లెంలో మిగిలిన తెల్ల బూడిదనే తర్వాతి రంగానికి విభూతిగా ఆయన నుదుటికి పూసేదాన్ని. చెమట తగలగానే ముక్కు అదిరే వాసన. హార్మోనియం వాయించే యేసేపు సారు హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. "అది విభూతి కాదమ్మా. గాలిలో ఆక్సిజన్‌తో కలిసిందంతా మెగ్నీషియం ఆక్సైడు. రవ్వంత నైట్రోజన్‌తో కలిసి నైట్రైడు అయితాది. దానికి తడి తగిలితే అమ్మోనియా వస్తాది. మొగానికి పుయ్యొద్దు" అని కోప్పడ్డాడు.

"ఆ వాసన లేకుంటే నాకు శివుడు రాడు సార్" అనేవాడు మా ఆయన. తెల్లారి ఇంటికి వచ్చి పడుకున్నా ఆ వాసన ఆయన్ని వదిలేది కాదు. ఆ రోజులు మళ్లీ రావు.

నాటకాలు ఆగిపోయాయి. రెండేళ్లుగా ఆయనకు చూపు లేదు. ఈమధ్య మాట కూడా తగ్గింది, అన్నం ముందు ఊరికే కూర్చుంటాడు. ఆ వెలుగైనా కంటికి తగులుతుందేమోనని ఆశపడ్డాను. పౌడరు డబ్బాలో దాచిన చివరి రిబ్బను చుట్టను గరుకు కాగితంతో రుద్ది, పళ్లెంలో పెట్టి ముట్టించాను. పెరడంతా పట్టపగలైంది.

"ఇంగా ముట్టియ్యలేదా?" అన్నాడాయన. నాకు ఏడుపొచ్చింది.

అంతలో లక్ష్మప్ప గోడ మీది నుంచి నిప్పు నిప్పు అని అరిచాడు. "అన్నా, నీళ్లు పొయ్యొద్దు, ఈడ ఇసుక ఉండాది" అన్నాను. వింటేనా? బిందెడు నీళ్లు గుమ్మరించాడు. మంట భగ్గుమని ఎగిరి, గోడ మీద ఆరేసిన అతని నూలు కాలింది. మీసం కూడా కొంచెం కాలింది. నూలు మేమే తెచ్చిస్తాం. మీసం మా చేతిలో లేదు.

మంట ఆరాక తడి బూడిదలోంచి ఆ వాసన లేచింది. మా ఆయన తల ఎత్తాడు. "రుద్రీ, పరదా తీసినారా?" అన్నాడు. గోడ పట్టుకొని లేచి, చెయ్యి ఎత్తి పద్యం అందుకున్నాడు. ఒక్క మాట తప్పలేదు. పద్యం అయ్యేదాకా లక్ష్మప్ప ఖాళీ బిందెతో నిలబడే ఉన్నాడు. తర్వాతే మీ దగ్గరికి వచ్చాడు. కావాలంటే అడగండి.

వీరేష్‌ను వదలండి. మీరు సాక్ష్యంగా తెచ్చిన పళ్లెం అంచున ఇంకా కొంచెం పొడి బూడిద ఉంది. దాన్ని కడగకుండా ఇప్పించండి. ఆ రంగంలో శివుడికి ఇంకా రెండు పద్యాలున్నాయి.

చదివి వినిపించగా విన్నాను. అంతా జరిగినదే, నేను చెప్పినదే. రాయక్కర్లేదన్నది కూడా రాశారు. ఉండనివ్వండి.

రుద్రమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర