భానుమూర్తి సార్ లింకు మీద పడ్డ జనం

"సార్, ఫికర్ జెయ్యకుండ్రి. సోమవారం బ్యాచ్ నిండకపోతే ఇన్‌స్టిట్యూట్‌కు తాళమేసి ఊరికి పోతనంటున్నరంట! ఎవరన్నరు పొమ్మని? ఈ మట్టయ్య ఉండంగ మీ బ్యాచ్ ఎట్ల నిండదో నేనూ చూస్త. గోపన్నా, సార్‌కు చక్కెర తక్కువేసి ఒక చాయ్!"

సకల జనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు, బడుల్లేవు. కొత్తపేటలో గోపయ్య చాయ్ దుకాణం బెంచీలు మాత్రం నిండిపోయాయి. మధ్యలో కూర్చుని మాట్లాడుతున్నది నెట్ సెంటర్ మట్టయ్య. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల పేర్లన్నీ పెట్టి అతనో వెబ్‌సైట్ నడుపుతున్నాడు. ఏ పేరు మీద నొక్కితే ఆ సెంటర్ సొంత సైట్‌కు పోవాలి. కంప్యూటర్ కోర్సులు చెప్పే భానుమూర్తి పేరూ అందులో ఉంది.

"ఇంతవరకూ ఒక్కరు కూడా చేరలేదయ్యా," అన్నాడు భానుమూర్తి నీరసంగా. "అసలు నీ సైట్లో నా పేరు ఎవరైనా చూస్తున్నారా?"

"చూసుడా! సార్, మొన్ననే అందరి పేర్లకు కౌంటర్ పెట్టిన. ఎవడన్న మీ పేరు మీద నొక్కంగనే ముందుగాల నా లెక్కల పడ్తడు, ఆ తర్వాతనే మీ సైట్‌కు పోతడు. తప్పించుకునే ముచ్చటే లేదు. పొద్దుగాల పెట్టి, మార్కెట్‌కు పోయి బత్తాయిలు తెచ్చుకున్న. ఒచ్చి చూస్తే ఏమైందో ఎరుకేనా? అంకె జూసి సంచి కింద పడేసిన! బత్తాయిలు మెట్ల మీదికెల్లి దొర్లుకుంట పోయినయ్, నేను అటు దిక్కు సుత చూడలే."

"గా పొద్దు కరెంటెక్కడిదిరా?" అన్నాడు గోపయ్య.

"కరెంటెందుకన్నా? జనం నొక్కే ఊపుకే కంప్యూటర్ నడిచింది. ఫ్యాన్ సుత తిరిగింది. పక్కింటి ఈరమ్మ మా తీగెకు గ్రైండర్ తగిలిచ్చుకుని దోశె పిండి రుబ్బుకున్నది. నమ్మకపోతే ఆమెనే అడుగు."

ఫ్లాస్కులో టీ పోయించుకోవడానికి వచ్చిన అలేఖ్య, పక్క సందు హాస్టల్ అమ్మాయి, ఆగిపోయింది. "ఏవండీ, పచ్చ అక్షరాల్లో ఉంటుంది, ఆ పేరేనా?"

"గదే బిడ్డా! చూసిండ్రా సార్, చాయ్‌కొచ్చిన పిల్ల సుత మీ పేరు గుర్తువడ్తది!"

భానుమూర్తి కాస్త నిటారుగా కూర్చున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎల్బీ నగర్ చౌరస్తాల రాస్తారోకో. రోడ్డు మీద కూసున్నోళ్లు ఒకపారి జై తెలంగాణ అనుడు, ఒకపారి ఫోన్ల మీ లింకు నొక్కుడు. పోలీసులొచ్చి ఎత్తుకపోతుంటే ఒకడు, 'సార్ సార్, ఒక్క నొక్కుడు మిగిలింది' అని బతిలాడిండంట. గా పోలీసాయనే పాపమని ఆని ఫోన్ తీసుకుని నొక్కిచ్చిండు. అబ్దుల్లాపూర్‌మెట్ కాడ షూటింగుల హీరో తాడుకు ఏలాడుతుండు, కిందికెల్లి డైరెక్టర్ కట్, కట్ అని మొత్తుకున్నా దిగుతలేడు. ఏం చేస్తుండంటవ్?"

"మా సార్ లింకు నొక్కుతుండు," అన్నారు బెంచీ మీదివాళ్లంతా ఒక్కసారే.

"శభాష్! ఇగ అంకె తెర పట్టలే. పక్కన ఇంకో మానిటర్ పెట్టిన, అదీ సాలలే. సున్నలు గోడ మీదికెక్కినయ్, కిటికీలకెల్లి బజార్ల దూకినయ్. మా గల్లీ పోరలు గా సున్నలను కట్టెతోని దొర్లిచ్చుకుంట ఆడుకున్నరు. సముద్రం కింద కేబులు వేడెక్కి చేపలు ఉడికినయంట, మీ కాకినాడోళ్లకు ఫోన్ జేసి అడుగుండ్రి సార్!"

భానుమూర్తికి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. "కోతలు ఆపవయ్యా బాబూ. ఇందులో పిసరంతైనా నిజముందా?"

మట్టయ్య గొంతు తగ్గించాడు. "కోతలు పక్కకు పెట్టుండ్రి. కౌంటర్ మాత్రం నిజం సార్. మా అమ్మ మీద ఒట్టు. అందరి పేర్ల కంటె మీ పేరు మీదనే ఎక్కువ నొక్కిండ్రు. మిగిలినోళ్లు మీ దరిదాపుల్లనే లేరు."

ఆ మాటతో భానుమూర్తికి ప్రాణం లేచొచ్చింది. అంతమంది నొక్కితే బ్యాచ్‌కు సరిపడా రారా? "అయితే తాళం వెయ్యనులే. ఊరికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పేస్తాను," అని జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఆయన చెప్పింది నిజమేనండీ," అంది అలేఖ్య. "నొక్కింది మేమే. మిగతా పేర్లు ఒక్కసారి నొక్కితే తెరుచుకున్నాయి. మీదొక్కటే ఎంత నొక్కినా తెల్ల పేజీ వస్తుంది, లోపలికి పోనివ్వదు. నెట్ నెమ్మదిగా ఉందేమోనని మా హాస్టల్ వాళ్లందరం మార్చి మార్చి నొక్కుతూనే ఉన్నాం. ఈయన లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారన్న మాట!"

మట్టయ్య తల గోక్కున్నాడు. "నేను అంకెనే చూసుకుంటున్న సార్... ఒక్కపారి నొక్కి అవతలికి పోతున్నదా లేదా అని చూడలే."

భానుమూర్తి ఫోన్ జేబులో పెట్టేసుకుని, అలేఖ్య వైపు తిరిగాడు.

"పోనీలే తల్లీ, ఇప్పుడైనా మీరంతా వచ్చి చేరొచ్చుగా?"

"నిన్ననే చేరిపోయామండీ, మీ పక్క మేడలోని కంప్యూటర్ సెంటర్లో. వాళ్లకు వెబ్‌సైట్ లేదు గానీ, గోడ మీద ఫోన్ నంబర్ రాసుంది."