దుబాయ్‌ని నిద్రపుచ్చిన తొట్టెల

శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిని, బట్టలుతికి ఆరేసుకున్నాక బర్ దుబాయ్‌లో క్రీకు ఒడ్డున ఉన్న మలబారీ చాయ్ దుకాణం ముందు బల్లలన్నీ మావే. ఆ రోజు రాజలింగం చంకలో ఒక గోనెపట్టా మూట పెట్టుకొచ్చి బల్ల మీద ధన్‌మని దించాడు. సిరిసిల్ల దగ్గరి మనిషి, ఏసీలు బాగుచేసే మిస్త్రీ. కోతలు కోయడంలో అతన్ని మించినవాడు క్రీకుకి ఈవలా లేడు, ఆవలా లేడు. దుబాయ్ వచ్చాక ఇన్నాళ్ళకి మొదటిసారి సెలవు దొరికింది. వచ్చే వారం ప్రయాణం. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, పాస్‌పోర్టు చేతికిచ్చిన దగ్గర్నుంచి మనిషికి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

మూట విప్పితే ఇనుప స్ప్రింగు. అటూ ఇటూ రెండు కొక్కేలు. విమానంలో ఇరవై కిలోలకు మించి పట్టుకెళ్ళనివ్వరని, ఈ బరువు కోసం మోజుపడి కొనుక్కున్న టేప్‌రికార్డర్ని ఇక్కడే వదిలేస్తున్నాడట. తను ఇటొచ్చాక పుట్టిన కూతురు, ఇంతవరకూ కళ్ళతో చూడని పిల్ల, ఆ పిల్లకి దీంతో తొట్టెల కడతాడట. బట్టల కొట్లో పనిచేసే గోదావరి మనిషి ఏసుబాబు పకపకా నవ్వాడు. రాజలింగం ఊరివాడే అయిన హన్మాండ్లు మాత్రం నవ్వలేదు. సెలవు మీద ఊరికి పోయి ఆ పొద్దున్నే తిరిగొచ్చాడు, ప్రయాణం బడలికతో గోడకి ఆనుకుని చాయ్ ఊదుకుంటున్నాడు. రాజలింగం కుర్చీ ముందుకి లాక్కుని మొదలుపెట్టాడు.

నవ్వుడు కాదు తమ్మీ, ఇది ఉత్త ఇనుము కాదు. ఇనుండ్రి. గీ కరామా బస్తీల ఇస్మాయిల్ సాబని ఒక మలయా ఆయన ఉన్నడు. మలయా అంటే గా సింగపూర్ పక్కన ఉంటది. సముద్రం నీళ్ళను మంచినీళ్ళు జేసే కాడ ఇంజనీరు. ఏసీ సల్లగైతలేదంటే నన్ను పంపిన్రు. ఇంజనీరు ఇల్లంటే సోఫాలు, బూట్లు, టైలు ఉంటయనుకుంట పోయిన. తలుపు కాడ చెప్పులన్ని ఇడిచి ఉన్నయి, లోపటికి పోతే సాబు లుంగీ కట్టుకొని నేల మీద కూసొని చేతితోని అన్నం తింటుండు. నా పానం లేసొచ్చింది. కొబ్బరిపాలు పోసి వండిన అన్నం, పక్కకు ఎండుచాపల కారం. నన్ను సుత కూసోమన్నరు. ఏసీ మిస్త్రీని కూసోబెట్టి అన్నం పెట్టిన ఇల్లు దుబాయ్‌ల నేను గదొక్కటే చూసిన, అబద్ధమైతే నా నాలుక తెగ.

పెద్దపిల్లలు ఇద్దరు. బడిల ఇంగ్లీషు, మసీదుల అరబ్బీ, తల్లితోని మలయా, నాతోని హిందీ. మూడోవాడు ఆదం, చంటి పిలగాడు. మా బిడ్డ, వాడు ఒక్క నెలల పుట్టిన్రు. వాళ్ళ దిక్కు బాలింతకు తల్లి వచ్చి పొట్టకు కట్టు కట్టి, ఏడినీళ్ళు పోసి, పసిగుడ్డును ఊపుతదట. ఈడ తల్లేది, చెల్లేది? సాబు భార్య రోస్నా మేడమ్ ఒక్కతే. సాబు డ్యూటీ దిగొచ్చి పాలసీసాలు కడిగి, పిల్లల బట్టలు పిండేటోడు. అంత పెద్ద ఇంజనీరు, బనీను మీద నిలబడి బట్టలు ఆరేస్తుంటే నేను నా కండ్లతోని చూసిన.

వాళ్ళ తొట్టెల మన తీరుదే. మనం పాత చీర కడ్తం, వాళ్ళు లుంగీగుడ్డ కడ్తరు. కాని మనం ముంగటికి ఎన్కకు ఊపుతం గదా, వాళ్ళు పైన స్ప్రింగు పెడ్తరు. కిందికి గుంజి ఇడిస్తే అదే పైకి కిందికి, పైకి కిందికి పోతది. సాబు అత్తగారు మలయా నుంచి పంపిన స్ప్రింగు ఈడి ఉప్పుగాలికి తుప్పుపట్టి పుటుక్కుమన్నది. ఇగ పిలగాడు ఒర్రుడే ఒర్రుడు. మేడమ్ కండ్లు గుంటలు పోయినయి. ఆ ఏడుపు నాకు ఎరికే. మా ఇంటామె గౌరవ్వ మాటలు నింపి క్యాసెట్ పంపింది గదా, అండ్ల మా బిడ్డ గదే తీర్గ ఏడుస్తది. ఇప్పటికి నేను గదే క్యాసెట్ పెట్టుకొని ఇంటుంట. అందుకనే ఏసీ పక్కకు పెట్టి తొట్టెల పని పట్టిన.

బజారంత తిరిగినా అసొంటి స్ప్రింగు దొరకలే. ఆఖరికి షెడ్డుల చెడిపోయి పడున్న నీళ్ళ ట్యాంకరు కింది స్ప్రింగు ఊడదీసి భుజమ్మీద ఏసుకొచ్చిన.

"ట్యాంకరు స్ప్రింగు మనిషంత ఉంటాదండీ బాబూ, భుజం మీద ఎలా తెచ్చారు?" అన్నాడు ఏసుబాబు.

తెచ్చిన గదా. నువ్వు గా భుజాన్ని ఇప్పుడు చూస్తున్నవు, అప్పుడు చూడలే. కొలిమి ఏడిదంటవు, డాబా మీద ఎండల పెట్టిన, జూలై ఎండకు నిప్పు లెక్క ఎర్రగైంది. చేతులతోనే సాగదీసిన, దారం పేనినట్టు పేనిన. సాగి సాగి గిట్ల మోచెయ్యంత అయింది. పై కప్పుకు కొక్కెం కొట్టి, లుంగీగుడ్డ కట్టి, పిలగాన్ని ఏసి, చిన్న తాడు పట్టుకొని ఒక్కసారి గుంజి ఇడిసిన. పైకి, కిందికి. రెండోసారికి పిలగాడు కండ్లు మూసిండు. ఇంతవరకు నేను చెప్పింది ఎవ్వరైనా నమ్ముతరు. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?

మేడమ్ పొయ్యి కాడ కారం కలుపుకుంట గంటె పట్టుకొనే నిద్రపోయింది. సాబు లుంగీ ముడి ఏసుకుంట సగం ముడి మీద నిద్రపోయిండు, ఆ ముడి జారకుంట అట్లనే ఆగింది చూడు, అది ఆయన మర్యాద. పెద్దపిల్లలు పలకల మీద తలకాయలు పెట్టిన్రు. మీది అంతస్తుల మిస్రీ మాస్టరు, గదే ఈజిప్టాయన, కింద వాచ్‌మన్ పఠాన్, అందరు పండుకున్నరు. లిఫ్టు రెండు అంతస్తుల నడుమ ఆగి గురక పెట్టింది. నేను తాడు గుంజుతనే ఉన్న.

"లిఫ్టు గురకెట్టిందా?" అన్నాడు ఏసుబాబు.

నువ్వు ఆ బిల్డింగుల లేవు గద, నేనున్న. కిటికీల కెల్లి చూస్తే సడక్ మీద పోలీసాయన చెయ్యి ఎత్తి ఆపినోడు అట్లనే నిలబడి కునుకుతుండు, ఆయన ముంగట కార్లన్ని సద్దుమణిగినయి. క్రీకు నడిమిట్ల అబ్రా పడవలు, పడవలల్ల మనుషులు, మనుషుల మీద వాలిన పక్షులు, అన్నిటికి నిద్రే. అలలు ఒడ్డు దాక వచ్చి, ఇగ ఎన్కకు పోవుడు ఎందుకని ఆడనే ఒరిగినయి. సైట్ల మా మేనేజరు, ముదీర్, జల్ది జల్ది అన్నట్టు యల్లా యల్లా అని ఒర్రుకుంట సగం యల్లా కాడ నోరు తెరిసి పండుకున్నడు. మిగిలిన సగం యల్లా ఆయన మూతి ముంగట గాలిల ఏలాడుతుంది, పోయి చూసిన.

"తాడు వదిలేసి ఎలా చూశారండీ?"

తాడు పొడుగ్గ ఉంది. చెప్పనియ్యవేందిరా నువ్వు. పొద్దు సుత కునికింది. మిట్టమధ్యాన్నం కాడ ఉన్న పొద్దు, ఆవలింత ఇచ్చి మబ్బు కప్పుకుంది. ఎండ సల్లబడ్డది. దుబాయ్‌ల ఏసీ లేకుంట సల్లగైన దినం గదొక్కటే. ఎన్ని దినాలు ఊపినవని అడుగకుండ్రి, పొద్దే పండుకుంటే లెక్క ఎవడు చెప్తడు?

ఇప్పుడు అసలు ముచ్చట. పండుకున్నోళ్ళు కలలు గంటరు గదా. ఇంతమందికి ఒక్కసారే కలలు పడితే ఆ తలకాయలల్ల ఏడ పడ్తయి? పాలు పొంగినట్టు బయటికి పొంగినయి. మేడమ్ కలల కెల్లి ముందుగాల వాన వచ్చింది. గట్టి వాన గాదు, కొబ్బరాకుల మీద పడి మెల్లగ జారే వాన. ఆ వాన ఎనుక కర్రల మీద నిలబెట్టిన ఇల్లు, ఇంటికి మెట్లు. మెట్ల మీది కెల్లి ఒక ముసలామె దిగొచ్చింది, చేతిల ఆకుపొట్లం. మేడమ్ తల్లి. దేశం దాటి కాలు బయట పెట్టని మనిషి కరామా దాక నడిచొచ్చి, బిడ్డ చేతిల కెల్లి గంటె మెల్లగ తీసి పక్కకు పెట్టి, తల నిమిరింది. మనుమన్ని చూసి నవ్వింది. నా దిక్కు తిరిగి పొట్లం నా ఒళ్ళె పెట్టింది. అండ్ల అన్నం ఇంక ఏడిగనే ఉంది.

పఠాన్ కలల కెల్లి మంచు పడ్డ గుట్ట లేసి బిల్డింగు పక్కకు నిలబడ్డది. మనోళ్ళ కలలు వందలుండె, అన్ని ఒక్కటే తీర్గ ఉండె. మక్కచేను, మంచె, బాయికాడ నీళ్ళ సప్పుడు. గోల్డు బజారు సందులల్ల మక్కకంకులు మొలిసినయి, దుకాణం అద్దాలకు తాకుకుంట. ఏసుబాబూ, నీ కల సుత చూసిన. గోదావరి వచ్చింది. ఎర్రనీళ్ళు క్రీకుల కలిసినయి, ఒడ్డున మీ అమ్మ చీరకొంగు నడుముకు చెక్కుకొని చాపలు కడుగుతుంది. "నా కొడుకు అన్నం తిన్నడా" అని నన్ను అడిగింది. తిన్నడమ్మా, మంచిగున్నడు అని చెప్పిన.

ఏసుబాబు గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ నీళ్ళకేసి చూశాడు. నిజానికి మేమందరం నీళ్ళకేసే చూస్తున్నాం, ఎవరి ఇల్లు వాళ్ళకి అక్కడ కనపడుతున్నట్టే ఉంది. రాజలింగం గొంతు కూడా తగ్గింది.

అందరు ఇండ్లకు పోయిన్రు. నేనొక్కన్నే దుబాయ్‌ల ఉన్న. నేను కన్ను మూస్తే మా ఇల్లు అగుపిస్తది, గౌరవ్వ అగుపిస్తది, బిడ్డ మొకం ఎట్లుంటదో అగుపిస్తది. కాని నేను పండుకుంటే తాడు ఆగుతది, తాడు ఆగితే అందరి కలలు ఖలాస్. ముసలామె బిడ్డ తల నిమురుతనే ఉంది, ఎట్ల ఆపుదు? కండ్లు మండినా మూయలే. గుంజుడు, ఇడుసుడు. గుంజుడు, ఇడుసుడు.

ఆఖరికి పిలగాడే చెడగొట్టిండు. తొట్టెల్ల ఉచ్చ పోసుకొని కేర్‌మన్నడు. అంతే, పోలీసాయన చెయ్యి దించిండు, ముదీర్ మిగిలిన సగం యల్లా మింగి మల్ల మొదలుపెట్టిండు, సాబు లుంగీ ముడి పూర్తిగ ఏసుకొని ఏసీ అయిందా అని అడిగిండు. ఒక్కనికి ఎర్క లేదు. కాని నా అంగీ మొత్తం తడిసుంది. వాన. నవ్వకు ఏసుబాబూ, అది వానే.

మొన్న పోతుంటే మేడమ్ పిలిచింది. పిలగాడు పెద్దగైండు, ఇగ ఇది మాకు అక్కెర లేదు, ఎవరన్న పసిబిడ్డకు కట్టుకోమని ఇచ్చింది. ఎవరికో ఎందుకు, నాకు బిడ్డ లేదా అని తెచ్చుకున్న. పోంగనే దూలానికి కొక్కెం కొడ్త. గౌరవ్వ పాత చీర మెత్తటిది ఒకటి కడ్త. బిడ్డను ఏసి ఒక్కసారి గుంజి ఇడిస్తే మా ఊరంత పండుకుంటది. ఈసారి నేను సుత పండుకుంట. కలల ఇంటికి పోయే పని లేదు గద, ఇంట్లనే ఉంట.

చెప్పడం అయిపోయి రాజలింగం స్ప్రింగు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.  మలబారీ స్టవ్వు మంట తగ్గించి నిలబడిపోయాడు. అప్పుడు గోడకి ఆనుకున్న హన్మాండ్లు గ్లాసు కింద పెట్టాడు.

"బావా, ఆ మలయా పిలగాడు ఇప్పుడేం జేస్తుండు?"

"ఏం జేస్తడు, బడికి పోతుండు" అన్నాడు రాజలింగం. నీలం సంచి వేసుకుని బస్సెక్కుతాడట, ఇంగ్లీషులో పాటలు పాడతాడట, ఈమధ్య తనకే అంకెలు నేర్పబోయాడట. ఆ పిల్లాడి గురించి సొంత కొడుకు గురించి చెప్పినంత మురిపెంగా చెప్పాడు.

"మీ బిడ్డ, వాడు ఒక్క నెలల పుట్టిన్రంటివి."

రాజలింగం వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి సగంలో ఆపేశాడు. మాకూ ఆ లెక్క అంతవరకూ తట్టలేదు. టేప్‌రికార్డరు వదిలేసి ఇనుము మోసుకెళ్తున్నాడని నవ్వామే గాని, ఆ పిల్ల ఏడుపు మానేసి ఎన్నాళ్ళయి ఉంటుందో ఒక్కరం ఆలోచించలేదు. మా అందరి పిల్లలూ మా బుర్రల్లో మేం వదిలొచ్చిన రోజు ఎంతున్నారో అంతే ఉన్నారు. 

హన్మాండ్లు వెక్కిరింపుగా అనలేదు. తను చూసిందే నెమ్మదిగా చెప్పాడు. బస్సు దిగి ఊళ్ళోకి నడిచి పోతుంటే ఒక పిల్ల బర్రె మీద కూర్చుని ఎదురొచ్చిందట. ఎవరి బిడ్డవే అంటే రాజలింగం బిడ్డనని, మా నాయిన దుబాయ్‌ల ఉంటడని గట్టిగా చెప్పిందట. దిగమంటే దిగలేదట, బర్రెను అదిలించి ముందుకి పోయిందట. "తొట్టెల్ల పండుకునే పిల్ల కాదు బావా. అండ్ల ఏస్తే కాళ్ళు బయటికొస్తయి."

రాజలింగం స్ప్రింగు చుట్లలో వేలు పెట్టి తిప్పాడు. తర్వాత తలెత్తకుండానే అడిగాడు.

"ఎంత ఎత్తుంటది?"

హన్మాండ్లు లేచి నిలబడి, అరచెయ్యి కిందికి పెట్టి తన నడుము పైదాకా ఎత్తి చూపించాడు. రాజలింగం ఆ చేతిని చూశాడు. చేతి కింద ఖాళీగా ఉన్న చోటుని, అక్కడ ఎవరో నిలబడ్డట్టు, పైనుంచి కిందిదాకా చూశాడు. లేచి దగ్గరికి వెళ్ళి హన్మాండ్లు మణికట్టు పట్టుకుని, ఆ చేతిని మెల్లగా మోకాలి దాకా దించాడు.

"ఇగ చాలు హన్మాండ్లూ" అన్నాడు. "మరీ గంత కోతలు కొయ్యకు."