వయ్యారిభామను నాటిన పున్నమ్మగారు

శాంతయ్య, వాచ్‌మన్

కృష్ణకు పెద్ద వరద వచ్చి తగ్గిన 2009 అక్టోబరులో, పంతొమ్మిదో తేదీ సోమవారం నాడు, శ్రీమతి పున్నమ్మగారు చిల్లకల్లు దగ్గరి మన కలుపు మొక్కల పరిశోధనా క్షేత్రంలో, నెల రోజులు పని చూశాకే ఉంచుకుంటామన్న షరతు మీద, సహాయకురాలిగా చేరారు. వత్సవాయి పత్తి చేలలో కలుపు తీయడంలో ఆమెకు సాటి లేదని పేరు. ఆ నేర్పే మూడో రోజున ఆమె ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

క్షేత్రాధికారిణి డాక్టర్ రోజారమణిగారు ఆ బుధవారం పొద్దున నందిగామ వెళ్తూ, "నాలుగో మడి కాస్త చూసుకో పున్నమ్మా" అన్నారు. ఆ మడి నిండా వయ్యారిభామ, అదే, తాకితే దురద పుట్టించే కలుపు మొక్క. దాని ఆకు తినే పెంకుపురుగులను మడిలోకి వదిలి, ఎన్ని మొక్కలు చచ్చాయో, ఆ చోట తంటెం అనే పసుపు పూల మొక్క ఎంత మొలిచిందో రెండేళ్లుగా లెక్క రాస్తున్నారు. పున్నమ్మగారు చూసుకున్నారు. సాయంత్రానికి మడిలో గడ్డిపోచ లేదు.

"ఏం చేశావమ్మా!" అన్నారు తిరిగొచ్చిన మేడం.

"బాగు చేసానండి. ఇంత చదువుకున్నోళ్ల చేలో ఇంత కలుపా? నలుగురూ చూస్తే నవ్వరా అండి?"

"ఆ కలుపే మన పంట తల్లీ! రెండేళ్ల పని పోయింది."

పున్నమ్మగారి ముఖం మాడిపోయింది. "అయితే నా పని కూడా పోయినట్టేనా అండి?"

"రేపు మాట్లాడదాం" అని మేడం వెళ్లిపోయారు.

పని పోలేదు. 2014లో పర్మనెంటు అయింది. రెండాకుల మొలకను చూసి అది ఏ మొక్కో చెప్పగల సూక్ష్మదృష్టి ఆమెది. "తంటెం గుబురు కింద వయ్యారిభామ మొలవట్లేదండి, వంగి చూడండి" అని మొదట చూపిందీ ఆమే. ఆ మాట మీద మూడేళ్లు శ్రమించి రోజారమణిగారు రాసిన పరిశోధనా పత్రంలో పున్నమ్మగారి పేరు కూడా అచ్చయింది. కీసర దాకా రైతులు ఇవాళ బంజరు గట్ల మీద తంటెం చల్లుకుంటున్నారు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న పున్నమ్మగారు, భర్త నెహెమ్యాగారితో, కుమార్తె జాయిస్‌తో, మోకాళ్ల నొప్పులూ చేతుల దురదలూ లేకుండా, నిండు నూరేళ్లూ సుఖంగా వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం.

ఆనాడు అమ్మ పని ఎలా నిలిచిందని జాయిస్ అడుగుతూ ఉంటుంది. ఆ మర్నాడు తెల్లవారేసరికి పున్నమ్మగారు హైవే పక్క నుంచి నాలుగు గంపల వయ్యారిభామ పీకి తెచ్చి, తాడు కట్టి, మిరప నారు నాటినట్టు వరసలుగా మడంతా నాటేశారు. చెంబుతో మొక్కమొక్కకూ నీళ్లు పోస్తున్నారు. అది చూసి మేడం నవ్వాపుకోలేక గట్టు మీదే కూర్చుండిపోతే, ఆమె మాత్రం వంచిన నడుం ఎత్తకుండానే అన్నారు:

"పురుగుల్ని కూడా ఏరుకొస్తానండి. ఎన్ని కావాలో చెప్పండి."